కొవ్వు ఉంచమంటారా?

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి రాయపూర్‌లో మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ బజార్లో మటన్ కొట్టు ముందు నిలబడితే, కత్తి మొద్దు మీద పడే చప్పుడు కన్నా ముందు ఒక ప్రశ్న చెవిన పడుతుంది. కొట్టతను ఛత్తీస్‌గఢీ మనిషి. ఏళ్ల తరబడి తెలుగువాళ్లకి మాంసం కొట్టి కొట్టి మన మాటలు నాలుగైదు పట్టేశాడు. తూకం వేశాక, ముక్కలు చెయ్యబోతూ కత్తి ఆపి, "కొవ్వు రఖూఁ క్యా, భయ్యా?" అంటాడు. మొన్న ఆదివారం నా ముందు ఇద్దరున్నారు. మొదటాయన రిటైరైన పెద్దమనిషి, గుండెలో స్టెంటు వేసి రెండేళ్లయింది. ఇసుమంత కూడా వద్దు, మొత్తం తీసెయ్యమన్నారు. కొట్టతను తొడ మీది తెల్లటి పొరని వేలితో ఎత్తిపట్టి, కత్తి మొనతో ఒలిచి, పక్కనున్న గిన్నెలో వేశాడు. గుర్దాని పొదిగి ఉన్న తెల్లముద్దని కూడా పుట్టగొడుగు పెరికినట్టు పెరికి అందులోనే వేశాడు. రెండో అతను రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో కొత్తగా చేరిన కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. గిన్నెకేసి వేలు చూపించి, ఆయన వద్దన్నదంతా నాకెయ్యి అన్నాడు. పెద్దాయన వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూశారు. ఏదో అనబోయి, అనకుండా సంచి తీసుకుని వెళ్లిపోయారు.

ఆ తెల్లముద్ద గుప్పెడు కూడా ఉండదు. రెండు నిమిషాల్లో ఒకరికి విషమైంది, ఒకరికి మందైంది. తరవాత నా వంతు. కత్తి ఆగింది, అదే ప్రశ్న. "ఎప్పటిలాగే" అనేశాను. సంచి పట్టుకుని క్వార్టరు వైపు నడుస్తుంటే నా జవాబే నన్ను పట్టుకుంది. ఎప్పటిలాగే అంటే ఎలాగ? మా నాన్న తిన్నట్టా, పదేళ్ల కిందట డాక్టరు చెప్పినట్టా, ఈమధ్య ఫోన్లో చూసినట్టా? తినే ముక్క గురించి ఒక్క స్థిరమైన మాట చెప్పలేనంతగా ఎప్పుడు చెదిరిపోయాను నేను?

చెదిరింది నేనొక్కడినే కాదు. 2017, 18 సంవత్సరాల్లో కొవ్వు డైట్ చెప్పే వీరమాచనేని రామకృష్ణ గారి మాటలు ఆంధ్ర, తెలంగాణల్లో ఊరూరా తిరిగినప్పుడు, అవి ఇక్కడికి కూడా వచ్చేశాయి. వెనకటి రోజుల్లో సొంతూరి కబురు మాకు విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైల్లోనే అందేది, బెల్లం దిమ్మలతో, ఎండునెత్తళ్ల మూటతో పాటు. ఇవి ఫోన్లో వచ్చాయి. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. అన్నం బంద్. సైకిల్ స్టాండు దగ్గర, టీ బండి దగ్గర, దసరాకి రావణుణ్ణి కాల్చే మా మైదానంలో పొద్దున్న నడిచేవాళ్ల మధ్య అవే మాటలు. డాక్టర్లు టీవీల్లో అభ్యంతరాలు చెబుతూనే ఉన్నారు, ఇక్కడ కొబ్బరినూనె డబ్బాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. నా షుగరు అప్పటికి గీత మీద నిలబడి ఉంది. పక్క క్వార్టరు బావగారు మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గి, బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకుని నా ఎదుట నిలబడ్డారు. ఆ బెజ్జాన్ని కాదనడానికి నా దగ్గర మాట లేదు. ఏడాది తిరిగేసరికి ఆయన మళ్లీ పాత బెజ్జంలోకే వచ్చారు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కూడా నాకు తెలియలేదు. తప్పు తిండిదా, మానేసిన మనిషిదా?

అప్పుడే పేలియో అనే మాట మీద నా దృష్టి పడింది. వ్యవసాయం రాకముందు, రాతి పనిముట్లతో బతికిన మనిషి ఏం తిన్నాడో అదే మన ఒంటికి పడుతుందనే ఆలోచన అది. 1985లో ఈటన్, కోనర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పేరున్న వైద్య పత్రికలో దీనికి రూపం ఇచ్చారు. 2002లో కొలరాడో ప్రొఫెసరు లోరెన్ కోర్డైన్ పుస్తకం రాసి ఇళ్లలోకి తెచ్చాడు. కోర్డైన్ మాటేమంటే, అడవి జంతువు బక్కది, దాని కండలో కొవ్వు తక్కువ, అందుకని కొవ్వు కోసేసిన ముక్కే తినండి అని. అంటే మా స్టెంటు పెద్దాయన పక్షం. అదే దారిలో నడిచిన మరికొందరు దీనికి ఎదురు తిరిగారు. వేటగాడు కండ కోసం కాదు, కొవ్వు కోసమే తిరిగాడని వాళ్ల వాదన. మూలుగ, మెదడు, నాలుక, వీపు మీది కొవ్వు ముందు తిని, బక్క కండని కుక్కలకి పారేసిన జాతుల్ని చూపిస్తారు. అంటే కుర్రాడి పక్షం. ఒకే పూర్వీకుడి మీద ఒట్టు పెట్టుకుని రెండు రకాల సాక్ష్యం.

ఈ గొడవలో నన్ను కూర్చోబెట్టి చదివించినది స్టెఫాన్సన్ కథ. ఉత్తర ధ్రువం వైపు ఎస్కిమోల మధ్య ఏళ్లు గడిపి వచ్చి, మాంసం మాత్రమే తిని మనిషి బతకగలడంటే ఎవరూ నమ్మలేదట. 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి డాక్టర్ల పర్యవేక్షణలో తనూ, ఆండర్సన్ అనే తోటివాడూ ఏడాదిపాటు మాంసం మీదే బతికి చూపించారు. నన్ను ఆపేసింది ఆ ఏడాది కాదు, మొదటి వారం. డాక్టర్లు పరీక్ష కోసం స్టెఫాన్సన్‌కి కొవ్వు తీసేసిన ముక్కలే పెట్టారు. రెండు మూడు రోజులకే కడుపులో తిప్పడం, విరేచనాలు, ఒళ్లంతా నీరసం. కొవ్వు ముక్క పెట్టగానే తేరుకున్నాడు. మిగతా ఏడాది వాళ్లు తిన్నదాంట్లో శక్తి ముప్పాతిక వంతుకి పైగా కొవ్వు నుంచే వచ్చిందని తరవాత లెక్క తేలింది. కారణం కూడా చదివాను. వట్టి మాంసకృత్తులే తింటే వాటిలోని నైట్రోజన్ని యూరియాగా మార్చే పని కాలేయానిది. ఆ పనికి ఒక హద్దు ఉంది. హద్దు దాటాక కడుపు నిండా తిన్నా మనిషి ఆకలితోనే ఉంటాడు. కుందేళ్లు తప్ప ఏమీ దొరకని చలికాలాల్లో ఉత్తర అమెరికా అడవి మనుషులు ఈ ఆకలిని ఎరుగుదురట. కడుపు నిండి, ఆకలి తీరకపోవడం. ఆ మాట చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. కానీ వాళ్ల తిండిలో అన్నం లేదు. మన ముక్క పక్కన ఎప్పుడూ అన్నం ముద్ద ఉంటుంది. నాకెందుకు ఆ భయం? ఏ ముక్క తినాలన్న ప్రశ్నకి జవాబు పక్కనున్న అన్నం మీద ఆధారపడుతుందని ఈ రెండు పక్షాల్లో ఒక్కరూ చెప్పరేం?

చెప్పనిది ఇంకొకటుంది, మేక గురించి. అమెరికా పుస్తకాలు మాట్లాడేది ఆవు గురించి, పంది గురించి. వాటి కండలోనే తెల్లని గీతలుగా కొవ్వు అల్లుకుని ఉంటుంది. మేక అలాంటిది కాదు. 100 గ్రాముల పచ్చి మేకమాంసంలో, పైపొర తీసేస్తే, కొవ్వు రెండు మూడు గ్రాములు. మేక తన కొవ్వుని కండకి ఇవ్వదు. కడుపులో దాచుకుంటుంది, పేగుల మీద వల లాగా, గుర్దాల చుట్టూ ముద్దగా. బయటికి ఎముకలు కనిపించే బక్క మేకని కోసినా లోపల ఆ తెల్లదనం ఉంటుంది. కొట్టతను పుట్టగొడుగులా పెరికిన ముద్ద అదే. దాన్ని చూసినప్పుడల్లా నాకు 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటో గుర్తొస్తుంది. పూణే డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరికీ ఎత్తుని బట్టి బరువు లెక్క (బీఎంఐ) ఒక్కటే, 22.3. ఇంగ్లండాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన పూణే ఆయన ఒంట్లో 21.2. చూడ్డానికి ఇద్దరూ సన్ననివాళ్లే. మనవాళ్ల కొవ్వులో కొంత మేక కొవ్వులాగే, కంటికి కనపడకుండా కడుపులో కూర్చుంటుంది. నా చేతులు సన్నవి, కాళ్లు సన్నవి, చొక్కా వేసుకుంటే ఎవరూ నన్ను లావు అనరు. గిన్నెలోని కొవ్వు గురించి ఇంత తర్జనభర్జన పడే నేను, నాలో ఇప్పటికే దాగి ఉన్నదాని మాట ఎందుకు ఎత్తను?

మన భాష ఈ విషయంలో ఏ పక్షమూ చేరలేదు. పొగరుబోతుని కొవ్వెక్కిందంటాం. అదే పొగరుని కండకావరం అని కూడా అంటాం. కొవ్వయినా కండయినా అతిగా చేరితే మనిషి కన్నూమిన్నూ కానడనే. అయితే కొవ్వు తీసిన ముక్కకి మన ఇళ్లలో విడిగా పేరే లేదు. "కండముక్క" అంటాం తప్పితే, అది మేలు రకం, మంచి రకం అనే అర్థం అందులో లేదు. పేరు లేదంటే ఆ అవసరం రాలేదనే కదా. ఎందుకు రాలేదని వెతుక్కుంటూ పోతే నా జ్ఞాపకం బొబ్బిలి వైపు మా తాత ఊరికి పోతుంది.

అమ్మవారి పండక్కి వేట పడేది. మేకపోతుని కోసి, తోలు ఒలిచి, తాటాకు చాప మీద పోగులు పెట్టేవారు. నాకు ఎనిమిదేళ్లప్పటి మాట. పోగులు పెట్టే ముసలాయన గొంతుక్కూర్చుని, పోగు పోగుకీ చెయ్యి తిప్పుతూ ఉండేవాడు. ప్రతి పోగులో రెండు తొడ ముక్కలు, ఒక పక్కటెముక, వేలెడంత కార్జం, కాస్త బోటి, కాస్త కొవ్వు. కార్జం చాలకపోతే అప్పటికే పెట్టిన పోగుల్లోంచి తుంచి సర్దేవాడు. తూకం లేదు, కన్నే తూకం. అంతా అయ్యాక ఒక పిల్లవాణ్ణి వెనక్కి తిప్పి నిలబెట్టి, ఒక్కొక్క పోగూ చూపించి ఇది ఎవరిది అని అడిగేవారు. వాడు ఏ ఇంటి పేరు చెబితే ఆ ఇంటికి ఆ పోగు. ఆ ఏడు తిరిగి నిలబడ్డ పిల్లవాణ్ణి నేనే. నా వీపు వెనక ఏ పోగుందో తెలియకుండా పేర్లు చెబుతుంటే ఒళ్లు ఝల్లుమనడం ఇప్పటికీ గుర్తు. ఆ పోగు దగ్గర "కొవ్వు ఉంచమంటారా" అన్న ప్రశ్నకి చోటెక్కడిది? మేక అంతా ఊరంతటికీ వచ్చేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల తిండి వస్తువుల పట్టిక వేసింది. అందులో మేకని ఒక్క పేరు కింద ముగించెయ్యలేదు. భుజం, తొడ, మెదడు, నాలుక, ఊపిరితిత్తులు, గుండె, కార్జం, ప్లీహం, గుర్దాలు, ఇలా దేనికది విడివిడిగా కొలిచింది. ఆ పట్టిక చూసినప్పుడు నాకు తాటాకు చాపే కళ్లముందు కనపడింది. పోగులోంచి మనం ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ వచ్చాం. ముందు బోటి, తరవాత తలకాయ, తరవాత ఎముక, ఇప్పుడు కొవ్వు.

అయితే మా తాత ఏడాదికి ఎన్నిసార్లు తిన్నాడు మాంసం? నాలుగుసార్లు, మహా అయితే ఆరు. మిగతా రోజులన్నీ చోడి అంబలి, తరవాణి, ఉలవచారు, ఎండుచేప. పూర్వీకుల తిండి అనే మాట వినగానే నా మనసులో రాతిగొడ్డలి పట్టిన మనిషి రాడు. అంబలి ముంతతో పొలానికి పోయే తాత వస్తాడు. రాయ్‌గఢ్ దగ్గర సింఘన్‌పూర్ గుహ గోడల మీద వేట బొమ్మలు ఉన్నాయి, వాటిని గీసినవాళ్లూ నా పూర్వీకులేనేమో. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించినప్పుడు బయటపడ్డ జంతువుల ఎముకల కథలోనూ నాకు వాటా ఉందేమో. ఆ చోడి గింజ సైతం ఆఫ్రికా నుంచి నడిచి వచ్చిందేనట. ఎంత వెనక్కి వెళ్లి ఆగితే అది నా తిండి అవుతుంది? గుహ దగ్గర ఆగనా, అంబలి ముంత దగ్గర ఆగనా, లేక మా నాన్న కంచం దగ్గరా?

నాన్న కంచం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆయన వ్యాగన్ షాపులో రివెట్ల పని చేసేవాడు. ఎర్రగా కాల్చిన రివెట్టుని వ్యాగన్ రేకులో దింపి, చల్లారేలోపు కొట్టాలి. రాయపూర్ మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద, కొలిమి పక్కన. సాయంత్రం సైరన్ మోగాక ఇంటికి వచ్చి కూర్చుంటే చెవులు కాసేపు వినిపించేవి కావు, అమ్మ రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. నెలకి ఒక ఆదివారం మటన్. చలికాలం అయితే మిగిలిన కూర సోమవారం పొద్దున్నకి గడ్డకట్టేది. మేక కొవ్వు వెన్నలా మెత్తగా ఉండదు, మైనంలా గట్టిగా పట్టేస్తుంది. గిన్నె మీద తెల్లటి పెచ్చు, అక్కడక్కడా కారం ఎరుపు చారలు. నాన్న ఆ పెచ్చుని గరిటె అంచుతో తీసి వేడన్నం నడిమధ్య పెట్టి, కరిగేదాకా చూస్తూ కూర్చునేవాడు. కరిగి అంచులకి పాకాక కలిపేవాడు. ఆ ముద్ద తిని మళ్లీ కొలిమి దగ్గరికి పోయేవాడు. పోషకాహార సంస్థ వాళ్లే 2020లో చెప్పిన లెక్కలో, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2,110 కిలో క్యాలరీలు చాలు, కష్టం చేసేవాడికి 3,470 కావాలి. నడుమ తేడా 1,360. గ్రాము కొవ్వుకి తొమ్మిది చొప్పున వేసుకుంటే ఆ తేడా ఇంచుమించు 150 గ్రాముల కొవ్వు. నేను అదే షాపులో స్టోర్స్ సెక్షన్‌లో ఫ్యాన్ కింద కూర్చుని రిజిస్టర్లు రాస్తాను. నాన్నకీ నాకూ నడుమ ఉన్న దూరం గిన్నెలో వేసిన ఆ తెల్లముద్దంత. ఆయన తిన్నట్టు తింటానంటే ఆయన కొట్టినట్టు కొట్టాలి కదా. కొట్టలేను. ఈ లెక్క చూసుకున్న రోజున పెద్దాయన మాటే నాకు సరైనదనిపించింది, ఇప్పటికీ చాలావరకు అలాగే అనిపిస్తోంది. నాలాంటి ఒంటికి అన్నం పక్కన ఆ ముద్ద కూడా వేస్తే ఎక్కడికి పోతుంది? గుర్దాల చుట్టూ చేరుతుంది.

ఇంతవరకు ఆలోచించి విషయం తెగిందనుకున్నాను. కానీ ఆ మొన్నటి ఆదివారమే, కొట్టు నుంచి ఇంటికి వచ్చి సంచి అమ్మ చేతికిచ్చాను. అమ్మకి డెబ్భై ఆరు. వంట కోడలిదే గానీ మటన్ రోజు మాత్రం గిన్నె తన ముందుకి రావాలి. ముక్కలు పళ్లెంలో పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ తనలో తను, "ఇది బాబుది, ఇది గుంటడిది, ఈ మెత్తటిది పిల్లది" అనుకుంటోంది. పచ్చి మాంసం మీదే వాటాలు పడిపోయాయి. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. చిన్నప్పుడు కూడా ఇంతే. మూలుగ ఎముక నాన్నది. దాన్ని కంచం అంచుకి టకటకా కొట్టి పీల్చేవాడు. మెత్తటి ముక్కలు మావి. ఒంట్లో రక్తం తక్కువని కార్జం చెల్లిది. మరి అమ్మ? అమ్మ మా అందరి తరవాత గిన్నె ముందు కూర్చుని, అడుగున అంటుకున్న గుజ్జులో అన్నం వేసి, గిన్నెలోనే కలుపుకుని తినేది. కొవ్వు ఉంచాలా తియ్యాలా అని ఆమెని ఎవరు అడిగారు? ఊళ్లో పోగులన్నీ సమానంగా పడేవని ఇందాక అంత ఇష్టంగా చెప్పుకొచ్చానే, ఆ పోగు గడప దాటి లోపలికి వచ్చాక ఏమయ్యేదో నేను ఎప్పుడైనా చూశానా? రాతియుగం మనుషుల ఎముకల్లోంచి వాళ్ల తిండి తెలుసుకుంటారట. అమ్మ ఎముకలకి కాల్షియం చాలదని డాక్టరు బిళ్లలు రాశాడు. కొవ్వుదీ కండదీ వాదన అంతా చదివాను. అందులో కంచం ముందు కూర్చున్నవాళ్లే ఉన్నారు, గిన్నె ముందు కూర్చున్నవాళ్లు లేరు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మూలుగ ఎముక అలవాటు ప్రకారం నా కంచంలోకి వచ్చింది. తీసి అమ్మ కంచంలో పెట్టాను. "నాకెందుకురా, పిల్లాడికెయ్" అంది. వెయ్యనన్నాను. నీకు మెత్తగా పడుతుంది, నమిలే పని లేదన్నాను. ఎముకని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చివర బెజ్జంలోంచి లోపలి మూలుగ నెయ్యి రంగులో కనపడుతోంది. వేలు పెట్టింది, అందలేదు. పీల్చి చూసింది, రాలేదు. యాభై ఏళ్లకి పైగా వండిన మనిషి.

"ఎలా తియ్యాలిరా బాబూ ఇది?" అని నన్ను అడిగింది.

కంచం అంచుకి ఎలా కొట్టాలో చూపించాను.